12 రోజుల పాప, రెండుసార్లు ‘రిఫర్’. నాకు నిద్ర పట్టడం లేదు

వెన్నెలమ్మ
రాత్రి 2:40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఏమనుకోకండి, ఒంటిచేత్తో టైప్ చేస్తున్నాను, రెండో చేతిలో పాప ఉంది.

పాపకి ఇవాళ్టికి 12 రోజులు. పుట్టిన మర్నాడు హాస్పిటల్లో చెవి పరీక్ష చేశారు. చిన్న మెషిన్, చెవిలో మెత్తటి బుడిపెలాంటిది పెట్టారు. రెండు చెవులకీ ‘రిఫర్’ అని వచ్చింది. చెవిలో ఉమ్మనీరు ఉండి ఉంటుంది, కంగారు పడకండి, పది రోజులాగి రండి అన్నారు. సరేనని వచ్చేశాం. నిన్న వెళ్తే మళ్ళీ అదే. ఈసారి పరీక్ష చేసిన అమ్మాయి ఏమీ అనలేదు, మొహం కూడా సరిగా చూడలేదు. కాగితం మీద ఏదో రాసి పెద్ద పరీక్షకి డేట్ తీసుకోమంది. ఆ డేట్ ఆరు వారాల తర్వాత దొరికింది.

మా వైపు గానీ, మావారి వైపు గానీ ఎవరికీ వినికిడి సమస్య లేదు. నెలలు నిండాకే పుట్టింది, కాన్పు మామూలుగానే అయింది. తలుపు దభాలున పడితే ఉలిక్కిపడుతుంది కూడా. అందుకే మా అత్తయ్య "ఆ మెషినే చెవిటిది" అంటున్నారు. మావారు నెట్‌లో చూడొద్దని ఫోన్ లాక్కుంటున్నారు. నేనేమో పాప నిద్రపోతుంటే చెవి దగ్గర చిటికెలు వేస్తూ కూర్చుంటున్నాను. రాత్రి కదిలింది, అంతకుముందు కదల్లేదు, ఇప్పుడు మళ్ళీ కదల్లేదు. పిచ్చెక్కేలా ఉంది.

రిఫర్ అంటే ఫెయిలా? ఆరు వారాలూ ఏం చేయాలి?


అనుమానప్పక్షి
ఉదయం 6:05

తలుపు చప్పుడికి ఉలిక్కిపడుతోందంటే వినపడుతున్నట్టే కదండీ. మా అన్నయ్య కూతురికీ ఇలాగే వచ్చి మూడోసారి పాసయింది. ఊరికే టెన్షన్ పడకండి. ఏడాది ఆగితే పిలుస్తే తిరుగుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. మన చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడున్నాయి?


చెవులపిల్లి
ఉదయం 7:20

పేరు చూసి నవ్వకండి, నా పని కూడా చెవులతోనే. 11 ఏళ్ళుగా పసిపిల్లలకి వినికిడి పరీక్షలు చేస్తున్న ఆడియాలజిస్ట్‌ని.

వెన్నెలమ్మ గారూ, రిఫర్ అంటే ఫెయిల్ కాదు. ‘ఈ మెషిన్‌తో తేలలేదు, ఇంకో పరీక్ష చేయాలి’ అని అర్థం, అంతే. మీరు చెప్పినదాన్నిబట్టి పాపకి చేసింది ఓఏఈ పరీక్ష. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. శబ్దం తగిలితే అవి కదిలి, తిరిగి తామే ఒక చిన్న చప్పుడు చేస్తాయి. 1978లో డేవిడ్ కెంప్ అనే ఆయన లండన్‌లో ఆ చప్పుడిని పట్టుకున్నాడు, ఈ పరీక్షకి మూలం అదే. మీరు చూసిన బుడిపెలో బుల్లి స్పీకర్, బుల్లి మైక్ ఉంటాయి. టిక్ టిక్‌మని లోపలికి పంపి, తిరిగొచ్చేదాని కోసం కాచుకుంటుంది. దారిలో ఉమ్మనీరో, పుట్టినప్పటి తెల్లటి పూతో అడ్డముంటే అది బయటికి రాదు. మొదటి రెండు రోజుల్లో రిఫర్లు ఎక్కువ రావడానికి కారణం అదే.

వెయ్యి మంది పుడితే ఒకరి నుంచి ముగ్గురికి శాశ్వతమైన వినికిడి లోపం ఉంటుంది. రిఫర్ వచ్చేవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ. అంటే రిఫర్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి చివరికి ఏమీ ఉండదు. కానీ మీకు రెండు చెవులకీ, రెండుసార్లూ వచ్చింది కాబట్టి ‘ఏం కాదులే’ అనే మాట మాత్రం నా నోట రాదు.

ఇప్పుడు అన్నిటికంటే అర్జెంటు సంగతి. ఇవాళే పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేసి సీఎంవీ పరీక్ష అడగండి. అదొక వైరస్. పెద్దవాళ్ళకి వస్తే జలుబు చేసినట్టు కూడా తెలియదు, గర్భంలో బిడ్డకి సోకితే మాత్రం వినికిడి దెబ్బతినవచ్చు. జన్యువులతో సంబంధం లేకుండా పుట్టుకతో వచ్చే చెవుడికి ముఖ్య కారణం ఇదే. పాప లాలాజలంలోనో, మూత్రంలోనో చూస్తారు. చిక్కేమిటంటే 21 రోజుల లోపు చేస్తేనే అది పుట్టుకతో వచ్చిందని చెప్పగలం. ఆ తర్వాత పాజిటివ్ వచ్చినా, పుట్టాక అంటుకుందో ముందే ఉందో తేల్చలేం. మీ దగ్గర ఇంకా తొమ్మిది రోజులున్నాయి. లాలాజలం తీసేట్టయితే పాలిచ్చిన గంట తర్వాత తీయించండి, తల్లిపాలలో కూడా ఈ వైరస్ ఉండొచ్చు.

అనుమానప్పక్షి గారూ, ఏడాది ఆగమన్న మాట దయచేసి వెనక్కి తీసుకోండి. దభాలున పడ్డ తలుపు చప్పుడు చాలా పెద్దది. ఓ మోస్తరు లోపమున్న బిడ్డకి కూడా అది వినపడుతుంది. పైగా మంచం అదురుతుంది, గాలి తగులుతుంది. వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో మామూలుగానే ఊఁ కొడతారు, కూస్తారు. అందుకే స్క్రీనింగ్ లేని రోజుల్లో ఈ సంగతి బయటపడేసరికి పిల్లలకి రెండున్నర, మూడేళ్ళు వచ్చేసేవి.


అనుమానప్పక్షి
ఉదయం 7:48

ధైర్యం చెబుదామనే అన్నానండీ. పోనీ ఆరు నెలలు ఆగితే ఏం మునిగిపోతుంది, నిజంగా అడుగుతున్నా.


చెవులపిల్లి
ఉదయం 8:10

మంచి ప్రశ్నే. 1998లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. వినికిడి లోపమున్న 150 మంది పిల్లలు. 72 మందికి ఆరు నెలల లోపు తెలిసింది, 78 మందికి ఆ తర్వాత తెలిసింది. ముందు తెలిసినవాళ్ళ భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. లోపం తక్కువైనా ఎక్కువైనా ఆ తేడా కనపడింది. తెలియడమంటే ఊరికే తెలియడం కాదు, తెలిసిన వెంటనే ఇంటికి సాయం అందడం కూడా అందులో భాగమే.

అందుకే మా వృత్తిలో 1-3-6 అంటాం. నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల లోపు ఉందో లేదో తేల్చడం, ఆరు నెలల లోపు హియరింగ్ ఎయిడ్స్ (చెవికి పెట్టే వినికిడి యంత్రాలు), శిక్షణ మొదలవ్వడం. వీలైన చోట 1-2-3కి రమ్మని 2019 నుంచి అంటున్నారు. వెన్నెలమ్మ గారి డేట్ ఆ లెక్కలోనే ఉంది. అయినా ఎవరైనా రాకపోతే పిలవమని పేరు ఇచ్చి ఉంచండి.


ముగ్గురు_మనవల_అమ్మమ్మ
ఉదయం 9:30

అమ్మాయ్, ముందు ఆ చిటికెలు వేయడం మానెయ్. పాపనీ నిద్ర పోనివ్వట్లేదు, నువ్వూ పోవట్లేదు. బాలింతవి. నిద్రలో ఉన్న పసిగుడ్డు ఒకసారి కదులుతుంది, ఒకసారి కదలదు, బాగా వినపడేవాళ్ళైనా అంతే.

మీ అత్తగారిమీద కోపం పెట్టుకోకు. ఆవిడకి భయమేసి మెషిన్‌ని తిడుతోంది. నేనూ అంతేగా, మనవడికి కళ్ళద్దాలు రాసినప్పుడు డాక్టర్‌కే చూపు ఆనట్లేదన్నాను.


కాపలాదారు (మోడరేటర్)
ఉదయం 11:15

చెవిలో చుక్కలు వేస్తే నెల రోజుల్లో నయమవుతుందని ఫోన్ నంబర్‌తో సహా పెట్టిన పోస్టు తీసేశాను. ఇంకోసారి పెడితే పెట్టినాయన్నే తీసేస్తాను. డాక్టర్ చెప్పకుండా పసిపిల్లల చెవిలో ఏదీ వేయకండి.


ఎడమపక్క_కూర్చోండి
మధ్యాహ్నం 1:02

విషయం కొంచెం పక్కకి పోతుందేమో. నాకు పుట్టినప్పటి నుంచి కుడి చెవి వినపడదు. ఆ సంగతి తొమ్మిదేళ్ళప్పుడు ఫోన్ రిసీవర్ ఆ చెవికి మార్చుకున్న రోజు తెలిసింది. ‘ఫోన్ కట్టయింది’ అని పెట్టేశాను! అప్పటిదాకా క్లాసులో కుడి పక్కన ఎవరు పిలిచినా పలకనని నాకు పొగరుబోతని పేరు. ఇప్పటికీ చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పలేను, రోడ్డు దాటేటప్పుడు నాలుగుసార్లు చూస్తాను.

ఎవరికైనా ఒక్క చెవికే రిఫర్ వస్తే ‘రెండోది ఉందిగా’ అని వదిలేయకండి. పిల్లలకి తాము ఏం వినట్లేదో తెలియదు.


బుడ్డోడి_నాన్న
రాత్రి 9:44

వెన్నెలమ్మ గారూ, ఏడేళ్ళ క్రితం మేమూ ఇదే స్థితిలో ఉన్నాం. మావాడికి రెండు చెవులూ దాదాపు పూర్తిగా వినపడవు. మా ఇంట్లోనూ ‘మా వంశంలో లేదు’, ‘మా వంశంలోనూ లేదు’ అని రెండు వైపులా గొడవ. జన్యు పరీక్ష చేయిస్తే కనెక్సిన్ 26 అనే జన్యువులో లోపం అన్నారు. నాలో ఒక కాపీ సరిగా లేదు, మా ఆవిడలో ఒకటి సరిగా లేదు. ఒక్కొక్కటే కాబట్టి మాకు బ్రహ్మాండంగా వినపడుతుంది. బిడ్డకి ఆ రెండూ వస్తేనే తేడా. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే ఏ వంశంలోనూ ఎవరికీ కనపడకుండా తరాల తరబడి వచ్చి ఉండొచ్చు. ఆ కాగితం చూపించాక మా ఇంట్లో ఆ గొడవ ఆగింది. చెవుడుతో పుట్టే పిల్లల్లో 90 శాతానికి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారట. ఇది నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

మావాడికి 14 నెలలకి కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం. వీడియోల్లో చూపించినట్టు స్విచ్ వేయగానే నవ్వడం గట్రా ఏమీ జరగలేదు. ఏడ్చి, అది పీకి పారేశాడు. లోపల పెట్టిన తీగ నరానికి విద్యుత్ సంకేతాలు పంపిస్తుంది. మెదడు వాటికి అర్థం నేర్చుకోవాలి. దానికి నెలలు పట్టింది. ప్రతి కొన్ని వారాలకీ మ్యాపింగ్ అని పిలిచి సర్దుతారు. ఆపరేషన్‌కి ముందు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా న్యుమోకోకల్ టీకాలు తప్పకుండా చూసుకోమన్నారు. ఇప్పుడు ఇంట్లో వాడి నోరు మూయించలేకపోతున్నాం.

ఒక సలహా. మొదట్లోనే సైగలు అలవాటు చేయకండి. మాకు థెరపీలో అదే చెప్పారు, సైగలొస్తే పిల్లాడు మాటకి కష్టపడడని. మేం పూర్తిగా మానేశాం.


చేతిరాత
రాత్రి 11:20

నేను పుట్టుకతో చెవిటివాణ్ణి. వినికిడి లోపం, ప్రత్యేక అవసరాలు వగైరా మాటలు నాకు అక్కర్లేదు, చెవిటి అంటే చాలు.

పై సలహాకి జవాబు రాయకుండా పడుకోలేకపోతున్నాను. నాకు మూడేళ్ళప్పుడు తెలిసింది. అప్పటికి నాకు భాషంటూ ఏదీ లేదు. కావలసినది చూపించడం, ఇవ్వకపోతే నేలమీద పడి దొర్లడం, అంతే. తర్వాత పెదాలు చదవడం నేర్పారు, చేతులు కదిపితే వెనక్కి కట్టుకోమనేవారు. ఇంట్లో అందరూ కూర్చుని భోంచేస్తుంటారు. ఎవరో ఏదో అంటారు, అందరూ విరగబడి నవ్వుతారు. నేను అమ్మ మోచెయ్యి లాగి ఏమిటని అడుగుతాను. "తర్వాత చెప్తాలే." ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. మా అమ్మకి నేనంటే ప్రాణం, అయినా రాలేదు. 17 ఏళ్ళకి సంజ్ఞా భాష నేర్చుకున్నాను. మొదటిసారి ఒక జోకు మొత్తం, మొదటినుంచి చివరిదాకా, ఆ క్షణంలోనే అర్థమైంది. జోకు ఏమంత బాలేదు. అయినా ఏడ్చాను.

1880లో మిలాన్‌లో చెవిటి పిల్లల టీచర్లు సభ పెట్టి బడుల్లో సంజ్ఞలు వద్దని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళు దాదాపు అందరూ వినపడేవాళ్ళే. ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం వ్యక్తం చేయడానికి 2010లో వాంకోవర్ సభ దాకా ఆగాల్సి వచ్చింది. 130 ఏళ్ళు! సంజ్ఞలు మాటని మింగేస్తాయన్న భయం అప్పటిదే. సంజ్ఞా భాషకి సొంత వ్యాకరణం ఉంది, అది సైగల మూట కాదు. చెవిటి తల్లిదండ్రుల ఇంట్లో పుట్టిన పిల్లలు చేతులతోనే ముద్దుమాటలు ఆడతారని 1991లోనే రాశారు.

తెలుగులో మనకో సామెత ఉంది కదా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని. శంఖం ఎందుకండీ, ముందుకొచ్చి ముఖం చూపిస్తే చాలదా?


బుడ్డోడి_నాన్న
రాత్రి 11:52

మీరు అనుభవించింది మీది, కాదనను. కానీ మా పిల్లాడు ఇవాళ ఫోన్లో వాళ్ళ తాతతో మాట్లాడుతున్నాడు. అది ఊరికే రాలేదు. రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నామో మాకే తెలుసు.


అనుమానప్పక్షి
ఉదయం 6:20

నాకూ అదే డౌటు. చేత్తో పని అయిపోతుంటే నోరెందుకు విప్పుతారు?


చెవులపిల్లి
ఉదయం 7:05

వినపడే పిల్లలు కూడా మాట రాకముందు చేతులు ఊపి టాటా చెబుతారు. దానివల్ల మాట ఆగిపోయిన పిల్లని నేను చూడలేదు. మెదడుకి కావలసింది భాష. అది చెవిలోంచి వచ్చిందా కంట్లోంచి వచ్చిందా అన్నది తర్వాతి సంగతి. రెండూ కాకుండా ఖాళీగా గడిచిన కాలమే నన్ను భయపెడుతుంది. ఎయిడ్ ఎంత పని చేస్తుందో, ఇంప్లాంట్‌కి ఒప్పుకుంటారో లేదో తేలేలోపు నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో పాపకి ఏదో ఒక దారిలో మాట చేరుతూ ఉండాలి. మా వాళ్ళలో ఇంకా కొందరు సైగలు వద్దంటారు. నేను అనను.


బుడ్డోడి_నాన్న
రాత్రి 10:15

పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. ఒకటి ఒప్పుకోవాలి. స్నానం చేయించేటప్పుడు, పడుకునేటప్పుడు ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కి బయట తగిలించే భాగం) తీసేస్తాం. అప్పుడు వాడికి ఏమీ వినపడదు. రాత్రి జ్వరమొస్తే ఎక్కడ నొప్పో అడగలేం. లైటు వేసి, వాణ్ణి లేపి, ప్రాసెసర్ తగిలించి అడగాలి. ఇవాళ స్నానంలో వాడే నాకు ఒక సైగ నేర్పాడు, ‘నీళ్ళు వేడి’ అని. వాడే కనిపెట్టాడట. ఏడేళ్ళకి.

చేతిరాత గారూ, ఎక్కడ నేర్చుకోవాలో మెసేజ్ చేయండి.


వెన్నెలమ్మ
రాత్రి 1:30

అన్నీ చదివాను, రెండుసార్లు. డాక్టర్ గారు మొదట "పాప బాగానే ఉంది కదమ్మా, ఇప్పుడవసరమా" అన్నారు. 21 రోజుల సంగతి చెప్పాను, తడబడుతూనే చెప్పాను. కాసేపు నావైపు చూసి రాసిచ్చారు. పదహారో రోజున ఇచ్చాం. నెగెటివ్.

చిటికెలు మానేశాను అమ్మమ్మగారూ. చాలావరకు.

చేతిరాత గారూ, ఒకటి అడగనా? వినపడుతుందో లేదో ఇంకా తెలియదు కదా. ఈలోగా పాపతో ఎలా ఉండాలి? మాట్లాడబోతే నోరు రావట్లేదు. వినపడనప్పుడు ఎందుకు అనిపిస్తోంది, వెంటనే ఏడుపొస్తోంది.


చేతిరాత
ఉదయం 8:00

మాట్లాడండి. పాట కూడా పాడండి. మీ గుండె మీద పడుకోబెట్టుకుంటే పాట అదురు తనకి తెలుస్తుంది. మీ మొహం కదులుతుంది, అది చూస్తుంది.

వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చోండి, కిటికీ మీ వెనకాల ఉంటే మీరు తనకి నీడలాగే కనపడతారు. వెనకనుంచి వచ్చి హఠాత్తుగా ఎత్తుకోవద్దు, ముందు భుజం మీద చెయ్యి వేయండి. బొమ్మ చూపించి మాట్లాడేటప్పుడు బొమ్మని మీ మొహం దగ్గరికి తెచ్చుకోండి. పాప బొమ్మని చూస్తున్నంతసేపూ ఆగండి, మళ్ళీ మీవైపు చూశాక చెప్పండి. వినపడేవాళ్ళకి ఈ ఆగడం రాదు, కంగారెక్కువ. రాత్రి చిన్న లైటు ఉంచండి. చీకటి పడితే మాకు మాటలు ఆగిపోతాయి.

వినపడుతుందని తేలినా ఇవేవీ వృథా పోవు.


వెన్నెలమ్మ
37వ రోజు, సాయంత్రం 6:10

ఎవరో రాలేదట, డేట్ ముందుకి జరిపారు. ఇవాళ ఆ పెద్ద పరీక్ష అయింది, ఏబీఆర్ అంటారట, శబ్దం నరంలోంచి మెదడుకి చేరుతోందో లేదో చూస్తారు.

చెవులపిల్లి గారు మెసేజ్‌లో చెప్పినట్టే దారిలో పాపని నిద్రపోనివ్వలేదు, అక్కడికి వెళ్ళాక పాలిచ్చాను. మూడు నెలల లోపైతే ఇలా మామూలు నిద్రలోనే అయిపోతుందట, పెద్దయ్యేకొద్దీ మత్తు ఇవ్వాల్సి వస్తుందన్నారు. నుదుటి మీద ఒకటి, చెవుల వెనక చెరొకటి బిళ్ళలు అంటించారు. గదిలో లైట్లు తీసేశారు. నా ఒళ్ళో పాప, ఎదురుగా స్క్రీన్. శబ్దం పెడితే అలలు వస్తున్నాయి. ఐదో అల చూడండి, మెదడుకి చేరిందనడానికి అదే గుర్తు అన్నారావిడ. శబ్దం తగ్గిస్తుంటే ఆ అల పొట్టిదవుతూ, కుడిపక్కకి జరుగుతూ వెళ్ళింది. ఒకచోట నాకు కనపడలేదు. ఆవిడ మళ్ళీ అదే పెట్టారు. మళ్ళీ కనపడలేదు. నేను పాప మొహం చూస్తూ కూర్చున్నాను. గంటన్నర పైనే పట్టింది, ఒక్కసారి కూడా లేవలేదు బంగారుతల్లి.

కుడి 55, ఎడమ 60. ఎముక మీద పెట్టి కూడా చూశారు, అంతే వచ్చింది. నీరు కాదు, లోపలి చెవే అన్నారు. శాశ్వతం అన్నారు.

మావారు బయట మెట్ల మీద కూర్చుండిపోయారు. అత్తయ్య ఏమీ అనలేదు, పాపని నా చేతిలోంచి తీసుకుని దగ్గరికి హత్తుకున్నారు. ఇన్నాళ్ళూ నేను పాడిన పాటలు ఒక్కటీ వినలేదా తను?


చెవులపిల్లి
సాయంత్రం 6:55

విన్నది.

ఓదార్పుకి చెప్పడం లేదు, లెక్క చెబుతాను. మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో ఉన్నవాళ్ళకి దాదాపు 60 డెసిబెల్స్ చేరుతుంది. దూరం సగమైతే ఆరు పెరుగుతుంది. అర మీటరుకి 66, పావు మీటరుకి 72. ఒళ్ళో పెట్టుకున్న పాప మీ నోటికి ఎంత దూరంలో ఉంటుంది? 55, 60 అంటే అంతకంటే చిన్న చప్పుళ్ళు తనకి చేరవని. మీరు ఒళ్ళో పెట్టుకుని పాడింది తనకి చేరింది. సన్నగా, అస్పష్టంగా చేరి ఉంటుంది. ఆ, ఊ లాంటివి తెలుస్తాయి, స, ష, త లాంటివి జారిపోతాయి. గది అవతలనుంచి పిలిస్తే మాత్రం ఏమీ తెలియదు. అందుకే ఎయిడ్స్ కావాలి. ఈ స్థాయి లోపానికి అవి బాగా పనికొస్తాయి.

ఇంకా కొన్ని చూపించాలి. కళ్ళ డాక్టర్‌కి తప్పకుండా, ఈ పాప కళ్ళతో ఎక్కువ పని చేయాలి కదా. ఈసీజీ ఒకసారి, చెవుడుతో పాటు గుండె లయ తేడాగా ఉండే అరుదైన జబ్బు ఒకటుంది. జన్యు పరీక్ష గురించి అడగండి. ఇవన్నీ ఈ వారమే అవ్వాలని లేదు. ఈ వారం ఎయిడ్స్‌కి చెవి ముద్ర తీయిస్తే చాలు.


ముగ్గురు_మనవల_అమ్మమ్మ
రాత్రి 8:20

ఏడుపొస్తే ఏడువు తల్లీ, ఆపుకోకు. మీవారిని కూడా లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. మగవాళ్ళకి మెట్లే దిక్కు.


ఎన్ఐసీయూ_కవలలు
రాత్రి 10:40

ఇంకెవరైనా చదువుతుంటారేమోనని రాస్తున్నా. మా పిల్లలు నెలలు నిండకుండా పుట్టి ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నారు. ఒకడు ఓఏఈ పాసయ్యాడు, మేం ఊపిరి పీల్చుకున్నాం. అదృష్టం కొద్దీ ఎవరో ఏబీఆర్ కూడా చేయించారు, అందులో పోయింది. కాక్లియా పలుకుతోంది గానీ నరం సరిగా అందించట్లేదట, ఆడిటరీ న్యూరోపతి అన్నారు. ఎన్ఐసీయూలో ఐదు రోజులు దాటి ఉన్న పిల్లలకి ఓఏఈ ఒక్కటే చాలదు, ఏబీఆర్ పద్ధతిలోనే చేయాలి. కామెర్లు బాగా ఎక్కువైనా, మెనింజైటిస్ వచ్చినా అంతే, పాసయినా మళ్ళీ చూపించాలి. మెనింజైటిస్ తర్వాత కాక్లియా లోపల ఎముక పెరిగిపోవచ్చు, అప్పుడు ఆలస్యం చేయడానికి లేదు.


అనుమానప్పక్షి
రాత్రి 11:30

జన్యు చికిత్స వచ్చిందని చదివాను. నిజమేనా? అయితే ఎయిడ్స్ ఎందుకు?


చెవులపిల్లి
ఉదయం 7:15

నిజమే, అందరికీ కాదు. ఓటీఓఎఫ్ అనే ఒక్క జన్యువులో లోపమున్న పిల్లలకి. 2024లో చైనా డాక్టర్లు ఆరుగురికి ఇస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అది మామూలు విషయం కాదు. కానీ ఆ జన్యువు వల్ల వచ్చేది మొత్తంలో చిన్న వాటా. జన్యు పరీక్ష చేయించమంటున్నది దీనికోసం కూడా. దానికోసం ఎయిడ్స్ ఆపుకుని కూర్చోవద్దు.


వెన్నెలమ్మ
64వ రోజు, మధ్యాహ్నం 3:00

ఎయిడ్స్ పెట్టి నాలుగు రోజులైంది.

ముద్ర తీసేటప్పుడు నేనే ఎక్కువ భయపడ్డాను. దారం కట్టిన చిన్న నురుగు ముక్క చెవిలోకి తోసి, దాని మీద గులాబీ రంగు పేస్టు సిరంజితో నింపారు. కాసేపటికి గట్టిపడింది, దారంతో సహా లాగితే పాప చెవి అచ్చు నా అరచేతిలోకి వచ్చింది. చిటికెన వేలి గోరంత. మొదటి ఏడాది చెవి ఎంత త్వరగా పెరుగుతుందంటే నెలకో రెండు నెలలకో ఈ అచ్చుతో చేసే మోల్డ్ (ఎయిడ్‌కి చెవిలో కూర్చునే ముక్క) మార్చాల్సి రావచ్చట.

పెట్టాక మేమందరం ఫోన్లు పట్టుకుని రెడీగా ఉన్నాం. పాప పాలు తాగడం ఒక్క క్షణం ఆపింది. కళ్ళు పెద్దవి చేసింది. మళ్ళీ తాగి నిద్రపోయింది. అంతే! బుడ్డోడి నాన్నగారు ముందే చెప్పి ఉండకపోతే నేను కుమిలిపోయేదాన్ని.

రోజుకి ఎంతసేపు పెట్టారో ఆ ఎయిడ్ లోపలే రాసుకుంటుందట. మొదటి రోజు రెండు గంటలు, నిన్న ఐదు. మెలకువగా ఉన్నంతసేపూ ఉండాలన్నారు. పీకేసుకుంటోంది, క్లిప్పు తాడు కట్టాం. బ్యాటరీ తలుపుకి తాళం ఉన్నదే తీసుకున్నాం, ఆ బిళ్ళ మింగితే ప్రాణాపాయమని గట్టిగా చెప్పారు.

ఇంకో సంగతి. స్టెతస్కోపులాంటి గొట్టం ఒకటిచ్చారు, రోజూ పొద్దున్న ఎయిడ్ పనిచేస్తోందో లేదో పెద్దవాళ్ళు విని చూడాలి. ఆ డ్యూటీ అత్తయ్య తీసుకున్నారు. చెవులకి తగిలించుకుని, అచ్చం డాక్టర్‌లా మొహం పెట్టి, "ఆ… ఊ… ఈ… మ్… ష్… స్" అని ఆరు శబ్దాలూ అని, ‘స్’ సరిగా రాకపోతే నన్ను పిలిచి మెషిన్‌ని తిడుతున్నారు.


చేతిరాత
సాయంత్రం 5:12

మీ అత్తగారికి నా నమస్కారం. ఆవిడకి సంజ్ఞలు నేర్పేవాళ్ళు కావాలంటే నేను రెడీ.


వెన్నెలమ్మ
సాయంత్రం 5:40

నేర్పుదురుగానీ, నిజంగానే. ‘పాలు’, ‘చాలు’ అప్పుడే వచ్చేశాయి ఆవిడకి. కొత్తది నేర్చుకుంటే ముందు పాపకి చూపిస్తారు, తర్వాత మాకు.


వెన్నెలమ్మ
96వ రోజు, ఉదయం 11:25

చెవులపిల్లి గారూ, ఒక చిన్న డౌటు. వారం నుంచి పాలిచ్చేటప్పుడు ఎయిడ్ కీచుమని కూస్తోంది. ముందు ఎడమది ఒక్కటే, ఇప్పుడు కుడిది కూడా. నా చేతికి ఆనినప్పుడు మరీ ఎక్కువ. చెడిపోయిందా?


చెవులపిల్లి
ఉదయం 11:50

చెడిపోలేదు. పాప పెరిగింది, మోల్డ్ పెరగలేదు. సందుల్లోంచి బయటికొచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్ళి కూస్తోంది. చెయ్యి ఆనితే ఎక్కువవడానికి కారణం అదే. శబ్దం తగ్గించేసి సర్దుకోకండి, అప్పుడు పాపకి మాట అందదు. కొత్త ముద్ర తీయించండి. ఈలోపు పాలిచ్చేటప్పుడు పక్క కొంచెం మార్చి, మీకు ఆనని వైపు ఎయిడ్ ఉంచి చూడండి.


వెన్నెలమ్మ
మధ్యాహ్నం 12:05

రేపు 10 గంటలకి రమ్మన్నారు. ఈసారి మోల్డ్ ముదురు నీలం రంగులో కావాలట, అత్తయ్య ఆర్డరు. ఒంటి రంగుదైతే పడిపోయినప్పుడు వెతకలేకపోతున్నారట.